షెడ్డులో పడున్న పద్మినిని మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా?

పాత కారు బాగుచేద్దామని మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది ముందు వెళ్ళేది పెయింటర్ దగ్గరికే. రంగు మెరుస్తుంటే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత బ్రేకులకూ ఇంజిన్‌కూ డబ్బు మిగలదు. వెల్డింగ్ నిప్పురవ్వలకు కొత్త పెయింటు మాడిపోతుంది. ఆరు నెలలు తిరిగేసరికి కారు మళ్ళీ టార్పాలిన్ కిందికి చేరుతుంది. అందుకే పని ఏ వరుసలో చేయాలో ముందే చెప్పేస్తున్నాను: కారు ముందు ఆగాలి, తర్వాత నడవాలి, ఆ తర్వాతే మెరవాలి.

ఉదాహరణగా ప్రీమియర్ పద్మినిని తీసుకుంటున్నాను. ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ నుంచి 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, మధ్యలో కొన్నాళ్ళు ప్రీమియర్ ప్రెసిడెంట్ అనిపించుకుని, 1974 నుంచి పద్మినిగా స్థిరపడిన కారు ఇది. పేరు ఎన్నిసార్లు మారినా మనవాళ్ళకు మాత్రం అది ఫియట్ కారే. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, కార్బురేటర్, డ్రమ్ బ్రేకులు, చాలా బండ్లలో స్టీరింగ్ పక్కనే గేరు రాడ్. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. ఓపిగ్గా కూర్చుంటే ప్రతి భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది. ఇంటి దగ్గర నేర్చుకుంటూ చేయడానికి మన దేశంలో ఇంతకంటే మంచి కారు లేదని నా గట్టి నమ్మకం. మీ దగ్గర ఉన్నది అంబాసిడర్ అయినా వరుస ఇదే, కొలతలు మాత్రం వేరు.

స్పానర్ పట్టే ముందు కాగితాలు

ఆర్‌సీ తీసి పక్కన పెట్టుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద వెతికి, గుడ్డతో తుడిచి, ఆర్‌సీలో ఉన్న వాటితో ఒక్కో అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఆ సంగతి తేలేదాకా కారు మీద రూపాయి కూడా పెట్టొద్దు. కొంటున్న కారైతే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ళ సంతకాలు కావాలి. చనిపోయిన నాన్నగారి పేరు మీదో, తాతగారి పేరు మీదో ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 పెట్టాలి. 15 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫారం 25తో జరుగుతుంది, అది ఒక్కోసారి 5 ఏళ్ళకే వస్తుంది.

50 ఏళ్ళు దాటిన కార్లకు ఇంకో దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్ళు చెల్లుతుంది. నంబర్ ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. అయితే అలాంటి కారును రోజూ ఆఫీసుకు వేసుకుపోవడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఛాసిస్, బాడీ, ఇంజిన్ ఒరిజినల్ రూపంలోనే ఉండాలి.

ఈ షరతు గుర్తుంచుకోమనడానికి కారణం ఉంది. పని మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు "ఈ పాత ఇంజిన్ ఎందుకండీ, వేరే ఇంజిన్ దించేద్దాం, ఏసీ కూడా పెట్టుకోవచ్చు" అంటారు. వినకండి. ఇంజిన్ మారితే ఆర్‌సీ చిక్కుల్లో పడుతుంది, వింటేజ్ అర్హత పోతుంది. అన్నిటికీ మించి, ఆ కారులో కాపాడుకోవాల్సిన అసలు వస్తువే బయటికి పోతుంది.

తుప్పు సర్వే

పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీ రేకే మొత్తం బరువు మోస్తుంది. అందుకే తుప్పు ఇక్కడ అందానికి సంబంధించిన విషయం కాదు, కారు బలానికి సంబంధించినది.

ఒక స్క్రూడ్రైవర్, ఒక చిన్న అయస్కాంతం, ఒక టార్చి చాలు. మ్యాట్లు తీసి ఫ్లోర్ రేకును స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు బొదబొదలాడుతుంది. డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్స్, జాకీ పెట్టే చోట్లు, బ్యాటరీ కింద ట్రే, డిక్కీలో స్టెప్నీ గుంట, చక్రాల ఆర్చీలు, డోర్ల అడుగు అంచులు, హెడ్‌లైట్ల చుట్టూ, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు ఒక్కటీ వదలొద్దు. అయస్కాంతం ఎక్కడ అంటుకోవడం మానేస్తే అక్కడ రంగు కింద పుట్టీ ఉన్నట్టే. ఎవరో ఎప్పుడో కంత పూడ్చేశారు.

విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో బతికిన కారుకు తుప్పు ఎక్కువ. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కార్లకు రేకు బాగానే ఉంటుంది కానీ ఎండకు రబ్బరన్నది మిగలదు. రెండిట్లో ఏదో ఒకటే దొరుకుతుందంటే రేకు బాగున్న కారే తీసుకోండి. ఇంజిన్ ఎంత పాడైనా లేత్ షాపులో బతికించుకోవచ్చు, పూర్తిగా తినేసిన బాడీకి మాత్రం ఖర్చు అంతు ఉండదు.

సిల్స్ చేతికి రాలి వచ్చేంతగా ఉంటే ఒక్క విషయంలో పై వరుస మారుతుంది. ఆ వెల్డింగ్ ముందే చేయించాలి, ఎందుకంటే అలాంటి కారును జాకీ మీద ఎత్తడమే ప్రమాదం.

చోటు, పనిముట్లు, విప్పే పద్ధతి

కారు చుట్టూ మనిషి నడవడానికి వీలుండాలి, కింద గట్టి నేల ఉండాలి, గాలి ఆడాలి. కార్ల పోర్టికో సరిపోతుంది. జాకీ మీద ఎత్తిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. ఎత్తాక స్టాండ్ల మీద దించి, చెయ్యి పెట్టి ఊపి చూసి, అప్పుడు దూరండి. ఇటుకలు, హాలో బ్రిక్స్ అస్సలు పనికిరావు, అవి చెప్పకుండా పగులుతాయి. అగ్గి ఆర్పే సిలిండర్ ఒకటి చేతికందే చోట ఉంచండి.

ఫియట్ బోల్టులు మిల్లీమీటర్ కొలతవి. 8, 10, 13, 17, 19 స్పానర్లు, ఒక సాకెట్ సెట్, టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్ ఉంటే చాలా దూరం వెళ్ళొచ్చు. అంబాసిడర్‌కు ఇవి సరిగ్గా కూర్చోవు, దానికి అంగుళాల సెట్ కావాలి. బలవంతంగా దగ్గర సైజు పెడితే బోల్టు మూలలు అరిగిపోతాయి. కంపెనీ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి, జిరాక్స్ అయినా పరవాలేదు. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ గ్యాప్ ఎంత ఉండాలి అన్నవి అందులోంచే తీసుకోవాలి.

విప్పేటప్పుడు ప్రతి భాగాన్నీ విప్పక ముందు, సగం విప్పాక, విప్పాక ఫోటో తీయండి. ఏ వైరు దేనికి పోతుందో, ఏ వాషర్ ఏ పక్క ఉందో అప్పటికి గుర్తుంటుందనే అనిపిస్తుంది, నాలుగు నెలల తర్వాత ఉండదు. నట్లూ బోల్టులూ జిప్ కవర్లలో వేసి పైన పేరు రాయండి. పాత భాగం ఎంత చెత్తగా ఉన్నా కొత్తది బిగించి పరీక్షించేదాకా పారేయొద్దు, నమూనా అదే.

పట్టేసిన బోల్టుతో తొందర పనికిరాదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, లేదా డీజిల్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే బోల్టు తల మీద సుత్తితో రెండు దెబ్బలు వేయండి. మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు కొంచెం తిప్పండి. టక్కుమని చిన్న శబ్దం వస్తే తుప్పు పట్టు వదిలినట్టు. అప్పుడు పావు చుట్టు విప్పి, అర పావు బిగిస్తూ నెమ్మదిగా బయటికి తేండి.

బ్రేకులు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పాత పద్మినిలో బ్రేక్ ఆయిల్‌కు ఒకే సర్క్యూట్ ఉంటుంది. అంటే నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క పైపు తెగినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి ఈ విషయంలో 'ప్రస్తుతానికి నడుస్తుందిలే' అన్న మాటే వద్దు.

హ్యాండ్‌బ్రేక్ వదిలి, అడ్జస్టర్లు లూజు చేసి డ్రమ్ములు తీయండి. లోపల ఉన్న నల్లటి దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు విషం. మాస్క్ పెట్టుకుని, సబ్బు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పారేయండి.

వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేక్ లైనర్లను బయటికి నెట్టేవి) విప్పి లోపలి గోడ మీద గోరు నడిపించండి. గోరుకు ఎక్కడైనా గుంట తగిలితే సిలిండర్ మార్చాల్సిందే. రబ్బరు కిట్ ఒక్కటే మారిస్తే నెల రోజుల్లో మళ్ళీ కారుతుంది. పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కూ ఇదే పరీక్ష. రబ్బర్లను కడగడానికి కిరోసిన్, పెట్రోలు వాడకండి, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. చక్రాల దగ్గరి రబ్బరు హోస్‌లు చూడ్డానికి బాగున్నా మార్చేయండి, అవి లోపలి నుంచి ఉబ్బి మూసుకుపోతాయి. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే బ్రేకుల కోసం చేసిన పైపే వేయించండి. ఏసీలకు వాడే రాగి గొట్టం చవగ్గా వస్తుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీయాలి, దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కార్లలో అది వెనక ఎడమ చక్రం. ఆ తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. నిపుల్‌కు (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూకు) పారదర్శకంగా ఉండే సన్నని గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. "నొక్కు" అనగానే సీట్లో ఉన్నవాళ్ళు పెడల్ నిదానంగా నొక్కి అలాగే పట్టుకోవాలి. మీరు నిపుల్ అర చుట్టు వదులు చేస్తే గొట్టంలోంచి బుడగలు వస్తాయి, పెడల్ కిందికి దిగుతుంది. నిపుల్ బిగించాకే "వదులు" అనాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఇదే. మధ్యమధ్యలో పైన డబ్బాలో ఆయిల్ అయిపోకుండా చూసుకుంటూ ఉండాలి. పెడల్ కాలి కింద గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే ఇంకా ఎక్కడో గాలి ఉన్నట్టే.

బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడిన వెంటనే నీళ్ళతో కడిగేయండి. మూత తీసి చాన్నాళ్ళు ఉంచిన డబ్బాలోది వాడకండి, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది.

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజిన్

కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం అందరూ మొదట చేసే పని. అది అస్సలు చేయకండి. సిలిండర్ గోడలకు పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. మోటారు బలంతో తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుపోతాయి.

ముందు ఆయిల్ దించి చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయని అర్థం. తర్వాత నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోసి, రెండు రోజులు కదపకుండా వదిలేయండి. మూడో రోజు క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ తగిలించి, చేత్తోనే, ఇంజిన్ తిరిగే వైపు మెల్లగా నెట్టండి. కదలకపోతే మళ్ళీ ఆయిల్, మళ్ళీ ఒక రోజు. స్పానర్‌కు పైపు తొడిగి బలం పెంచాలన్న ఆలోచన వద్దు. కొంచెం కదలిక వచ్చాక ముందుకూ వెనక్కీ ఊపుతూ రెండు పూర్తి చుట్లు తిరిగేలా చేయండి. టాపెట్ కవర్ తీసి, తిప్పుతున్నప్పుడు వాల్వులన్నీ లేచి దిగుతున్నాయో లేదో చూడండి. ఒకటి రెండు ఇరుక్కుని ఉండటం మామూలే.

ఇప్పుడు కొత్త ఆయిల్ పోయండి. ఈ ఇంజిన్‌కు 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి మినరల్ ఆయిల్ నప్పుతుంది, పల్చటి సింథటిక్ ఆయిళ్ళు పాత సీళ్ళలోంచి కారిపోతాయి. ప్లగ్గులు బయటే ఉంచి, కాయిల్ వైరు తీసేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిందంటే పైదాకా ఆయిల్ చేరినట్టు.

తర్వాత కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో చూపేది. నాలుగు సిలిండర్ల రీడింగులూ రాసుకోండి. అంకె ఎంత అన్నదానికంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి బాగా తక్కువుంటే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులూ బోరూ (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో లేత్ షాపుకు ఏం తీసుకెళ్ళాలో తెలిసిపోతుంది: మొదటిదైతే బ్లాకు, రెండోదైతే హెడ్ మాత్రమే.

బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, వాల్వ్ సీటింగ్ ఇంట్లో చేసే పనులు కావు. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల పాత ఇంజిన్లు తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. మీ ముందే మైక్రోమీటర్‌తో కొలిచి అంకెలు కాగితం మీద రాసిచ్చేవాళ్ళకే పని అప్పజెప్పండి. చూపుతోనే "బోర్ పోయింది సార్" అనేవాళ్ళ దగ్గర ఆగొద్దు. ఫియట్ హెడ్ అల్యూమినియంది కాబట్టి, ఎప్పుడైనా బాగా వేడెక్కి ఉంటే వంగిపోతుంది. విప్పినప్పుడు లెవెల్ తప్పకుండా చూపించండి. పిస్టన్లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే వెళ్ళేలా గుర్తులు పెట్టడం మీ బాధ్యత.

పెట్రోలు, నిప్పు, నీళ్ళు

పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. ట్యాంకు పూర్తిగా దించి, కొత్త నట్లు గుప్పెడు లోపల వేసి సబ్బు నీళ్ళతో బాగా కుదిపి కడగండి. ట్యాంకుకు కంతలుంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి బాంబులా పేలుతుంది. రేడియేటర్లూ ట్యాంకులూ చేసే వాళ్ళకే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1970ల నాటి రబ్బరు పైపులకూ పెట్రోలు పంపు డయాఫ్రమ్‌కూ అది పడదు, మెత్తబడి చిట్లిపోతాయి. ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే హోస్, కొత్త డయాఫ్రమ్ వేసి, ట్యాంకు దగ్గర ఒక ఫిల్టర్ పెట్టండి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి కారు నెలల తరబడి ఆపేస్తే ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

సోలెక్స్ కార్బురేటర్‌ను తెల్లటి గుడ్డ మీద విప్పుకోండి. ఒక్కో జెట్ ఎక్కడిదో ఫోటో తీసుకుని, కార్బ్ క్లీనర్ కొట్టి, గాలితో ఊదండి. తీగ దూర్చి గీకితే జెట్ రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఎన్ని స్క్రూలు తిప్పినా మైలేజీ రాదు. స్టార్ట్ కావడం లేదని కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసే అలవాటు మెకానిక్‌లలోనూ ఉంది. ఇంజిన్ ఎదురు కొడితే మంట నేరుగా ముఖం మీదికి వస్తుంది. వద్దు.

నిప్పు (ఇగ్నిషన్) సంగతికొస్తే, సీబీ పాయింట్లు (కాయిల్ కరెంటును తెంపి కలిపే స్విచ్), కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు అన్నీ కొత్తవి వేయండి, మొత్తం కలిపినా పెద్ద ఖర్చు కాదు. పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మి.మీ., మీ డిస్ట్రిబ్యూటర్‌కు కచ్చితంగా ఎంతో మాన్యువల్‌లో చూడండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపు ఉన్నది. పాయింట్ల దగ్గర పెద్దగా నిప్పు కనబడుతుంటే కండెన్సర్ పోయినట్టు.

రేడియేటర్ ఇత్తడి, రాగిది కాబట్టి మేస్త్రీ పైమూత ఊడదీసి రాడ్డింగ్ చేసి (గొట్టాల్లో కడ్డీ దూర్చి మురికి తోసి) మళ్ళీ అతికిస్తాడు, కొత్తది అక్కర్లేదు. లోపల మామూలు బోరు నీళ్ళు పోయకండి. అల్యూమినియం హెడ్‌ను అవే తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడిపితే వచ్చే పొగ ప్రాణం తీస్తుంది. స్టార్ట్ అయ్యాక ఆనందంతో రేస్ చేయకండి. ఆయిల్ లైటు ఆరిందా, ఎక్కడైనా కారుతోందా, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుంది అని చూస్తూ పది నిమిషాలు అలా వదిలేయండి.

వైరింగ్

పాత కారు తగలబడిందంటే కారణం చాలాసార్లు పెట్రోలు పైపు, లేకపోతే వైరింగ్. ఎలుకలు కొరికినవి, తోళ్ళు పగిలినవి, హారన్ కోసం, టేప్‌రికార్డర్ కోసం ఎప్పుడో అతికించిన జాయింట్లు అన్నీ బ్యాటరీ తీసేసి పరిశీలించండి. నాలుగైదు చోట్లకు మించి అతుకులుంటే మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) కొత్తది కట్టించడమే నయం. పాత రంగులే వాడమనండి, రేపు మాన్యువల్‌లోని డయాగ్రామ్ పనికొస్తుంది. లైటు మసగ్గా ఉంటే బల్బు మార్చే ముందు ఎర్త్ వైరు విప్పి, కింద రేకు మెరిసేదాకా గీకి బిగించండి. సగం కరెంటు కంప్లెయింట్లు అక్కడే తీరిపోతాయి. హెడ్‌లైట్లకు రిలే ఒకటి పెట్టుకుంటే పాత స్విచ్ కాలకుండా ఉంటుంది, కారు రూపానికీ తేడా రాదు.

స్పేర్లు ఎక్కడ?

ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబర్ దాకా తిరిగాయి, అందుకే కుర్లా వైపు పాత సామాను ఇంకా దొరుకుతుంది. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ కూడా వెతకదగ్గ చోట్లు. పాత స్టాకు లోహపు భాగాలు దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోండి. రబ్బరు మాత్రం పాత స్టాకు తీసుకోవద్దు, ప్యాకెట్ విప్పకపోయినా అది లోపలే గట్టిపడి ఉంటుంది.

రేకు పని, రంగు

ముందు ఒక మాట. కారు మీద ఫ్యాక్టరీ రంగు ఎక్కువ భాగం బతికే ఉంటే, వెలసినా సరే, పాలిష్ పట్టి వదిలేయండి. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఆ పాత రంగు పోతే మళ్ళీ రాదు.

బ్రాకెట్లు, బంపర్ క్లాంపులు లాంటి చిన్న ఇనుప భాగాల తుప్పు వదిలించడానికి పశువుల దాణా అమ్మేచోట దొరికే మొలాసిస్ చాలా మంచిది. ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో భాగాలను ముంచి వారం పది రోజులు ఉంచండి. వాసన ఘోరంగా ఉంటుంది, ఇంటికి దూరంగా పెట్టండి. తీసి కడిగితే గట్టి ఇనుము దెబ్బతినకుండా తుప్పు మాత్రం పోయి ఉంటుంది. అల్యూమినియం భాగాలు అందులో వేయొద్దు. కడిగి ఆరబెట్టిన గంటలోపే ప్రైమర్ కొట్టాలి, లేకపోతే మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

పెద్ద కంతలకు పుట్టీ మందు కాదు. మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త రేకు వంచి వెల్డింగ్ చేయించాలి. అనుభవమున్న టింకరింగ్ మేస్త్రీని ఇంటికే పిలిపించుకోండి. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సీట్లు బయట పెట్టాకే వెల్డింగ్ మొదలవ్వాలి. సిల్స్ కోసేటప్పుడు కారు చక్రాల మీదే సమానంగా నిలబడి ఉండాలి, ఒక్కసారి ఒక్క పక్కే, చిన్నచిన్న ముక్కలుగా చేయాలి. ప్రతి దశలో డోరు మూసి చూడండి. గ్యాప్ మారుతోందంటే బాడీ కుంగుతోందని అర్థం, వెంటనే ఆపాలి. ఛాసిస్ నంబరు ఉన్న చోటు మీద గ్రైండర్ పడకుండా ముందే టేపు అంటించి చెప్పండి.

పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడి గీకుడు వద్దు, వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, మాస్క్ తీయొద్దు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. రేకు మీద మొదటి పొర ఎపాక్సీ ప్రైమరే వేయించండి, మామూలు ప్రైమర్ నీళ్ళు పీలుస్తుంది. రంగు పనికి వానాకాలం పనికిరాదు, గాలిలో తేమకు పెయింటు తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. పీయూ (పాలీయూరిథేన్) పెయింటు కొట్టడం మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. అందులోని హార్డెనర్ ఆవిరిని గుడ్డ మాస్కు ఆపలేదు, బూత్ ఉన్న చోటికే పంపండి. డోర్ల అడుగున, సిల్స్ కింద నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు రంగుతో మూసుకుపోలేదని చివర్లో మీరే పుల్లతో పొడిచి చూసుకోండి.

సీట్లు, పైకప్పు గుడ్డ, డోర్ రబ్బర్లు, క్రోమ్ ప్లేటింగ్ ఇవన్నీ రంగు తర్వాతే.

రోడ్డు మీద

టైర్లలో గాట్లు ఎంత లోతుగా ఉన్నా తేదీ చూడండి. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్ళు దాటిన టైరు మీద ఊరి బయటికి వెళ్ళొద్దు.

ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక, పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు ఐదారు కిలోమీటర్లు వెళ్ళి రండి. ఆగి నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచెయ్యి చూపండి, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది. ఇంటికొచ్చి చక్రాల నట్లు మళ్ళీ బిగించండి. ఇంజిన్ కొత్తగా చేయించి ఉంటే గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా నడిపి, 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి.

మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర కారు ఆగిపోయి ఎంతకీ స్టార్ట్ కాకపోతే కంగారు పడకండి. వేడికి పంపులో పెట్రోలు ఆవిరై ఉంటుంది. బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే బండి బయల్దేరుతుంది. పాత టాక్సీ డ్రైవర్లందరి దగ్గరా ఆ గుడ్డ ఉండేది, మీరు కూడా ఒకటి, ఒక నీళ్ళ సీసా డిక్కీలో పెట్టుకోండి. కారును మాత్రం పదిహేను రోజులకోసారైనా బయటికి తీసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా ఇరవై కిలోమీటర్లు నడపండి. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీళ్ళు చేరడం తప్ప ఇంజిన్‌కు ఉపయోగం లేదు.